పేరిగాడి భాష

బళ్ళారిలో ఒక ఉన్నత పాఠశాల తెలుగు అయ్యవారు ఈమధ్య ఉద్యోగ విరమణ చేశారు. కోస్తా మిత్రులు మాష్టారంటారు గానీ మా నోళ్ళకు అయ్యవారన్న మాటే అలవాటు. వీడ్కోలు సభకు పాత విద్యార్థిగా నన్నూ పిలిచారు. శాలువా కప్పారు, గంధపు మాల వేశారు, ఆరుగురు మాట్లాడారు. ఐదుగురు ఆయన క్రమశిక్షణను, వేళ తప్పకపోవడాన్ని, పదో తరగతి ఫలితాలను పొగిడారు. ఆరో ఆయన "పిల్లలచేత నాటకాలు కూడా వేయించేవారు" అని ముగించారు. ఆ 'కూడా' దగ్గర నా మనసు ఆగిపోయింది. కోవిడ్ కాలంలో బడి మూతపడ్డ రోజులు మినహా, ముప్ఫై రెండేళ్ళపాటు ఏటా వార్షికోత్సవానికి ఒక తెలుగు నాటకం తయారుచేసిన మనిషి ఆయన. అంత పనినీ ఒక అవ్యయంతో సరిపెట్టేశారు.

ఈ వ్యాసం ఆ 'కూడా'ను గురించే. ఆయన పేరు రాయడం లేదు. వద్దని ఆయనే అన్నారు. ఇందులో నాకొక సౌకర్యం ఉంది. పేరు లేనప్పుడు మెచ్చుకోలుతోపాటు తప్పులూ చెప్పవచ్చు. గుణదోషాలు రెండూ చెప్పకుండా చేసే సన్మానం శాలువాతో ముఖం కప్పేయడం లాంటిది.

బడిపిల్లల నాటకాన్ని మన విమర్శకులు నాటకంగా ఎంచరు. పరిషత్తు నాటకాలకు సమీక్షలున్నాయి, నటులకు జీవిత చరిత్రలున్నాయి. బడి నాటకానికి మాత్రం జిల్లా పత్రికలో "ప్రేక్షకులను అలరించింది" అన్న ఒక్క వాక్యం దక్కితే గొప్ప. నిజానికి ఆధునిక తెలుగు రంగస్థలం మొదలైంది బడిపిల్లలతోనే. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని' వేయించినప్పుడు వేషాలు కట్టినవారు ఆయన విద్యార్థులు. వకీళ్ళ లోకాన్ని ఎగతాళి చేసిన నాటకం అది. కందుకూరి పుట్టిన ఏప్రిల్ 16ను ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. బళ్ళారివాళ్ళకు ఆ తేదీ మరో విధంగా గుర్తు. 1946లో బళ్ళారి రాఘవ కన్నుమూసింది కూడా ఏప్రిల్ 16నే.

మా ఊళ్ళో నాటకం పెరిగింది మాత్రం బడిలో కాదు, ఆ వకీళ్ళ ఇళ్ళలోనే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) వకీలు, సరసవినోదిని సభ పెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) వకీలు, సుమనోరమ సభ ఆయనది. ధర్మవరం మేనల్లుడు రాఘవ సరేసరి. మామ తెలుగు నాటకానికి పాటలను, విషాదాంతాన్ని తెచ్చాడని చరిత్రకారులు రాశారు. అల్లుడు రంగస్థలం మీద రాగాలు తీయడాన్ని తగ్గించి, మాటను మాటగా పలికించాలని పట్టుబట్టాడు. అంటే 'పాటా, మాటా' అన్న తగవు మాకు ఒకే కుటుంబంలో ఉంది. ఈ తగవును గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను. అయ్యవారి ముప్ఫై రెండేళ్ళూ దీని చుట్టూనే తిరిగాయి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఇళ్ళల్లో మాట మారలేదు. కచేరీ మాట, బడి మాట మారాయి. ఇది నిందగా రాయడం లేదు. కన్నడం మాకు పరాయిది కాదు, ధర్మవరం వారి కాలానికే ఈ ఊరు రెండు భాషలదీ. కాకపోతే మూడు తరాలు గడిచేసరికి ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఆ లిపి చదవడం రానివాళ్ళు ఊరినిండా తయారయ్యారు. హోసూరులోనూ బరంపురంలోనూ ఉన్న పాఠకులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

నేను ఆయన దగ్గర చదివింది 1990లలో. అప్పుడాయన కొత్తగా వచ్చారు. జుట్టు నల్లగా, గొంతు ఖణీగా ఉండేది. హార్మోనియం స్వయంగా వాయించేవారు. ఆ రోజుల్లో ఆయనకు నాటకమంటే పద్యనాటకమే. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాల' నుంచి రాయబారం ఒక ఏడు, బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్య హరిశ్చంద్రీయం' నుంచి కాటిసీను ఒక ఏడు. మధ్యాహ్నం అన్నం బెల్లు తరువాత వరండాలో రిహార్సలు. అర్థం తెలియకపోయినా యతి, ప్రాస పట్టుకుని పద్యం నోటికి వచ్చేసేది. తొమ్మిదో తరగతి పిల్లలకు గొంతు మారే వయసు. సగం పద్యంలో కీచుమని జారిపోయేది. అయ్యవారు ఆ జారుడును కూడా శ్రుతిలోకి తీసుకురావాలని చూసేవారు. విమర్శకుడిగా ఇప్పుడు వెనక్కి చూస్తే అవి నాటకాలు కావనే చెప్పాలి. వరసగా నిలబడి పద్యాలు అప్పజెప్పేవాళ్ళం. ఎదుటి పాత్ర మాట్లాడుతుంటే వినడమనేది మాలో ఎవరికీ రాదు. ఎవరి పద్యం కోసం వాళ్ళు ఊపిరి కూడదీసుకుని నిలబడేవాళ్ళం.

నాకు పద్యం రాదు గనక నక్షత్రకుణ్ణి చేసి, పద్యాలన్నీ కొట్టేసి వచనం మాత్రం ఉంచారు. ఆ నాటకాన్ని ఒక కోస్తా పట్టణంలో బాలల పోటీకి తీసుకువెళ్ళారు. కంగారులో నేను 'ఎక్కడికి' అనవలసినచోట 'యాడికి' అన్నాను. ముందు వరసలో నవ్వులు. చివర న్యాయనిర్ణేత ఒకాయన మైకులో, పిల్లలు బాగా చేశారు గానీ ఉచ్చారణలో కన్నడ వాసన ఉందని సెలవిచ్చారు. 'యాడికి' కన్నడమాటని ఆయన అనుకున్నాడు. అనంతపురంలోనూ కడపలోనూ వాడే మాట అది. ఎదురు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది, అయ్యవారికీ లేకపోయింది. తిరుగుప్రయాణంలో బస్సులో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

దాని ఫలితం తరువాతి పదేళ్ళ పిల్లలు అనుభవించారు. రిహార్సలు జరిగేచోట నల్లబల్ల మీద నిషిద్ధ పదాల పట్టిక వెలిసింది. యాడికి, ఏంటికి, బిన్నె, సుమ్నె. పలికినవాడు ఆ రోజుకు గోడవైపు నిలబడాలి. ఆయన నాటక జీవితంలో ఈ దశను నేను దోషంగానే లెక్కపెడతాను. ఎవరో నవ్వినందుకు సొంత పిల్లల నోరు కడగబోయారు. ఆ పదేళ్ళ నాటకాల్లో ఉచ్చారణ నిర్దుష్టంగా ఉండేదని చూసినవాళ్ళు అంటారు. ఒక్క నాటకంలో ఒక్క దృశ్యం చెప్పమంటే మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఇదే కాలంలో ఇంకో లోపం కూడా ఉంది. ఆడవేషాలు మగపిల్లలే కట్టేవారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని రాఘవ ఏనాడో ఇదే ఊళ్ళో పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను రంగస్థలం ఎక్కించాడు. అదే ఊళ్ళో, అన్నేళ్ళ తరువాత, ఒక బడిలో చంద్రమతికి మీసాలు గీయించవలసి వచ్చేది. తల్లిదండ్రులు ఒప్పుకోరని అయ్యవారి సమాధానం. అడిగి చూశారా అంటే అడగలేదట.

మార్పు ఒక మతిమరుపుతో వచ్చింది. నేను అప్పటికి చదువు ముగించి వెళ్ళిపోయాను. ఆయన చెప్పగా విన్నదిది. ఏదో సాంఘిక నాటిక. తండ్రి వేషం వేసిన కుర్రవాడు సంభాషణ మరిచిపోయాడు. తెర పక్కనుంచి అయ్యవారు ఎంత అందించినా వాడికి వినబడలేదు. ఇక తప్పక వాడు తన ఇంట్లో తన తండ్రి ఎట్ల తిడతాడో అట్ల, ఆ నాలుగు నిషిద్ధ పదాలతో సహా తిట్టాడు. అంతవరకు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న సభ తలెత్తి చూసింది. కొడుకు వేషం వేసినవాడు నిజంగా బెదిరి, మొదటిసారి ఎదుటివాడి మాట విని జవాబు చెప్పాడు. "ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదప్పా" అన్నారు అయ్యవారు నాతో. మరునాడు నల్లబల్ల తుడిచేశారట.

అక్కడినుంచి ఆయన పద్యాన్ని వదలి వేదం వేంకటరాయ శాస్త్రిని పట్టుకున్నారు. వేదం వారు కూడా అయ్యవారే, చెన్నపట్టణం క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులు. 1897లో వచ్చిన 'ప్రతాపరుద్రీయం'లో ఆయన పాత్రోచిత భాష ప్రయోగించారు. గురజాడ 'కన్యాశుల్కం' అచ్చయింది కూడా ఆ ఏడే. గురజాడ నాటకమంతా వాడుక భాషలో నడిపిస్తే, వేదం వారు మెట్లు కట్టారు. రాజు, మంత్రి గ్రాంథికం మాట్లాడతారు. చాకలి పేరిగాడు చాకలి మాట మాట్లాడతాడు. రాజు ఢిల్లీలో బందీ అయినప్పుడు, రాజు పోలికలున్న పేరిగాణ్ణి తెచ్చి సింహాసనం మీద కూర్చోబెడతారు. హాస్యమంతా ఆ సింహాసనానికీ ఆ నోటికీ పొత్తు కుదరకపోవడంలో ఉంది.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. వేదం వారు పేరిగాడి నోట వాడుక భాష పెట్టినంత మాత్రాన దాని పక్షాన నిలబడలేదు. గిడుగు రామమూర్తి వాడుక భాషా ఉద్యమం లేవదీసినప్పుడు వేదం వారు దానికి ఎదురు రాశారు. చాకలికి చాకలి భాష తగును, పండితుడికి తగదు అన్నది ఆయన లెక్క. (గిడుగు కూడా బడి అయ్యవారే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు దాన్ని విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయినవాడు. ఊరు వదలకుండా ఉండిపోయినవాళ్ళ వారసులు ఈ పత్రిక చదువుతున్నారు.) కనుక 'ప్రతాపరుద్రీయం' రాసినట్టే ఆడితే ప్రేక్షకుడు పేరిగాడి మాట విని నవ్వాలి. మా బళ్ళారిలో దాన్ని అట్లాగే ఆడితే పిల్లలు తమ ఇంటి మాటను చూసి తామే నవ్వుకున్నట్టు అవుతుంది. పోటీలో ముందు వరసవాళ్ళు నవ్విన నవ్వే అది.

అయ్యవారు ఈ నాటకాన్ని కుదించి నాలుగైదుసార్లు వేయించారు. ఆఖరి సంవత్సరం వార్షికోత్సవానికి వేయించింది నేను చూశాను. నలభై నిమిషాల నాటిక. ఆయన చేసిన పని చిన్నదే. రాజుకూ మంత్రికీ గ్రాంథికం ఉంచారు. పేరిగాడికి వేదం వారి మాటలు తీసేసి మా ఊరి మాటలు పెట్టారు. అంతే. కానీ నవ్వు దిక్కు మారిపోయింది. కొలువులో మంత్రి గ్రాంథికంలో ఉపదేశం చేస్తుంటే పేరిగాడు సభవైపు తిరిగి, ఈయన ఏమంటాండాడప్పా అని అడిగాడు. హాలు గొల్లుమంది. పేరిగాణ్ణి చూసి కాదు, మంత్రిని చూసి. సింహాసనం మీద కూర్చున్నవాడు మనింటివాడు, చుట్టూ ఉన్నవాళ్ళు పుస్తకంలోంచి వచ్చినవాళ్ళు. 1897నాటి నాటకంలో ఒక్క పాత్ర యాసను మార్చి దాని తీర్పును తిరగవేయడం తేలిక కాదు. ఫ్యాక్షన్ సినిమాలు వచ్చాక మా మాట తెరమీద వినబడుతూనే ఉంది. కత్తి పట్టినవాడి నోటనో, నవ్వులపాలయ్యేవాడి నోటనో. సింహాసనం మీద కూర్చుని, ఎదుటివాణ్ణి నవ్వులపాలు చేయడం నేను వినడం అదే మొదటిసారి.

నటన గురించి ఒక్కటి చెబుతాను. పేరిగాడు వేసిన ఎనిమిదో తరగతి కుర్రవాడు సింహాసనం ఎక్కగానే మొదట చేసిన పని, ఉత్తరీయం అంచు పట్టుకుని వెలుతురులోకి ఎత్తి చూడటం. మరక పోయిందో లేదో అని. తరువాత మంత్రి ఉత్తరీయం కూడా పట్టుకుని చూశాడు. మాట లేదు. హాలులో ముందు ఆడవాళ్ళు నవ్వారు, తరువాత అందరూ. ఇది మీరు చెప్పిందేనా అని అయ్యవారిని అడిగాను. "నేను చెప్పింటే వాడు ఇంకోమాదిరి చేసేవాడు" అన్నారు. మూడేళ్ళ రిహార్సళ్ళతో మాకు నేర్పలేకపోయినది, నేర్పకుండా ఊరుకోవడం నేర్చుకున్నాక వచ్చింది ఆయనకు. యుగంధర మంత్రిగా వేసింది ఒక అమ్మాయి. పొడుగ్గా, తొణక్కుండా, ఎంత నవ్వినా ముఖం మార్చకుండా నిలబడింది. ఆ స్థిరత్వం లేకపోతే పేరిగాడి హాస్యం సగం పోయేది. ఆడపిల్లలను అడిగి చూడని రోజులను ఆయన ఈ విధంగా కొంత తీర్చుకున్నారనుకుంటాను.

లోపాలు లేకపోలేదు. ఢిల్లీ రంగాలను మొత్తం కోసేశారు. దాంతో యుగంధరుడు పిచ్చివాడిగా నటించడం, సుల్తానును పట్టి తేవడం ఒక వార్తాహరుడి మూడు వాక్యాల్లో తేలిపోయాయి. కథ తెలియనివాళ్ళకు చివర రాజు ఎక్కడినుంచి ఊడిపడ్డాడో బోధపడలేదు. ప్రాంప్టింగు మైకులోంచి వినబడింది. ఇది ముప్ఫై రెండేళ్ళ జబ్బు, ఇక నయం కాదు.

అసలైన ఆక్షేపణ వేరే ఉంది. గ్రాంథికాన్ని నవ్వులాటకు మాత్రమే వాడటం నాకు నచ్చలేదు. రాజు తిరిగివచ్చిన ఘట్టంలో ఒక్క పద్యమైనా నిలబెట్టి, నెమ్మదిగా, రాఘవ కోరినట్టు రాగం తీయకుండా భావంతో చదివించి ఉంటే పిల్లలకు ఆ భాష కూడా తమదేనని తెలిసేది. ఒకప్పుడు ఇంటిమాటను గోడవైపు నిలబెట్టారు. ఇప్పుడు పద్యాన్ని నిలబెట్టారు. నేనీ మాట ఆయనతోనే అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, పద్యం చదివించాలంటే ముందు చదవడం రావాలి కదప్పా అన్నారు.

ఆ జవాబు వెనక సంగతి నాకు ఆ తరువాత తెలిసింది. తెలుగును ప్రథమ భాషగా తీసుకునే పిల్లలు ఆ బడిలో ఏటేటా తగ్గి, చివరికి వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది మిగిలారు. వాళ్ళతో నాటకం నడవదు. కనుక చాలా ఏళ్ళుగా ఆయన కన్నడ మాధ్యమం తరగతుల్లోంచి నటులను తెచ్చుకుంటున్నారు. వాళ్ళందరిదీ ఇంటిభాష తెలుగే, గలగలా మాట్లాడతారు. ఒక్క అక్షరం చదవలేరు. పేరిగాడు వేసిన కుర్రవాడూ, మంత్రి వేసిన అమ్మాయీ అటువంటివాళ్ళే. వాళ్ళకోసం అయ్యవారు సంభాషణలన్నీ కన్నడ లిపిలో తన చేత్తో రాసి ఇచ్చేవారు. ఆ పిల్లలకు ఏడాదిలో తెలుగు అన్నది ఇంటి గడప దాటి పదిమంది ముందు వినబడే సందర్భం ఆ నలభై నిమిషాలే. ఆయన స్థానంలోకి మరొక తెలుగు అయ్యవారు వస్తారో లేదో నేనీ వ్యాసం రాసేనాటికి తేలలేదు. వచ్చినా నాటకం వేయించాలని ఏ ఉత్తర్వులోనూ ఉండదు. అది ఆయన 'కూడా' చేసిన పని కదా.

సభ అయ్యాక నాటకాల ట్రంకుపెట్టె అప్పగింత జరిగింది. బడి సొత్తు గనక ఛార్జి ఇవ్వాలి. ఆఫీసు గుమాస్తా, కన్నడం ఇంటిభాషగా ఉన్న యువకుడు, రిజిస్టరు పట్టుకుని కూర్చున్నాడు. కిరీటాలు రెండు, అట్ట కత్తులు నాలుగు, గద ఒకటి, జరీ ఉత్తరీయాలు ఆరు అని అయ్యవారు చెబుతుంటే రాసుకున్నాడు. మీసాలు తొమ్మిది ఉండవలసింది ఎనిమిదే ఉన్నాయి. కొట్టివేసి ఎనిమిది చేశాడు. అడుగున నోటుపుస్తకాల కట్ట. పై పుస్తకం తిప్పి, కన్నడ అక్షరాలు చూసి, "ఇవి కన్నడ విభాగానివి కదా సార్, అక్కడికి రాస్తాను" అన్నాడు.

"చదివి చూడప్పా" అన్నారు అయ్యవారు.

అతను ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదివాడు. పేరిగాడి మాట. పెన్సిలుతో రాసి ఉంది, రెండుచోట్ల తుడిపి మళ్ళీ రాసి ఉంది. ఏటా వేషం వేసిన పిల్లవాడు మార్చుకుంటూ వచ్చిన మాటలవి. సగం చదివాక అర్థమై నవ్వాడు. పుట తిప్పి తరువాతి మాట చదవడం మొదలుపెట్టాడు.